గేరు పడుతోంది, బండి కదలదు

ప్రశ్న: నాది 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. మొన్న ఆఫీసు నుంచి వస్తూ విజయనగర్ సిగ్నల్ దగ్గర క్లచ్ వదలగానే కింద ‘టప్’మంది. ఇంజన్ నడుస్తూనే ఉంది కానీ ఏ గేరు వేసినా బండి కదలడం లేదు, రివర్స్ కూడా అంతే. విచిత్రమేమిటంటే యాక్సిలరేటర్ తొక్కితే స్పీడు ముల్లు 20 దాటుతోంది! క్లచ్ పోయింది, గేర్‌బాక్స్ దించి సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్. మార్పించేయనా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఆగండి సార్, గేర్‌బాక్స్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి. మీరు విచిత్రం అన్న ఆ ముల్లే అసలు సాక్షి. ఇలాంటి పాత బండ్లలో స్పీడు మీటరుకు లెక్క అందేది సాధారణంగా చక్రం నుంచి కాదు, గేర్‌బాక్స్ చివర ఉండి బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ నుంచి. ముల్లు లేచిందంటే ఇంజన్ బలం క్లచ్ దాటింది, గేర్లూ దాటింది. క్లచ్ పూర్తిగా కాలిపోయినా, గేరు రాడ్డు లింకేజీ ఊడినా ముల్లు సున్నా దగ్గరే పడుకునేది. పైగా క్లచ్ ప్లేటు అరుగుదల చెప్పాపెట్టకుండా రాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుపే తప్ప పరుగు ఉండదు, కాలిన వాసన వస్తుంది. మీరు అవేవీ రాయలేదు.

నా అనుమానం యాక్సిల్ మీద, అంటే గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రానికి బలం మోసుకెళ్లే షాఫ్ట్ మీద. రెండు యాక్సిళ్లున్నాయి కదా, ఒకటి విరిగితే రెండోది లాగదా అంటారేమో. లాగదు. డిఫరెన్షియల్ ఎటు తిరగడం తేలికో అటే తిప్పుతుంది. విరిగిన వైపు అడ్డేమీ లేదు కాబట్టి ఆ ముక్క ఊరికే గిరగిరా తిరుగుతుంది, బాగున్న చక్రానికి బలం అందదు.

ఇంజన్ ఆపి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ముందు చక్రం వెనక టార్చి వేసి చూడండి. యాక్సిల్ జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగి, రిమ్ము లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే దొంగ దొరికినట్టే. రెండో పక్కా చూడండి. వానాకాలమొస్తే కార్లను ఫ్లైఓవర్ ఎక్కించి కాపాడుకునే పేట మీది, చిరిగిన బూటులోకి బురదనీళ్లు పోవడానికి ఎంతసేపు! యూటర్న్ తిప్పినప్పుడు టకటకమని చప్పుడు వచ్చేదా? గుర్తు చేసుకోండి. ఇక షాఫ్ట్ గేర్‌బాక్స్ దగ్గరే ఊడి ఉంటే కింద ఆయిల్ మడుగు కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ మళ్లీ గేరేసి చూడకండి.

మెకానిక్‌తో గొడవ అక్కర్లేదు. ముందు చక్రాలు రెండూ లేపి, స్టాండ్ల మీద గట్టిగా నిలిపి, గేరులో తిప్పి చూపించమనండి. షాఫ్ట్ తిరుగుతూ దాని చక్రం నిలబడి ఉంటే ఇక వాదనే ఉండదు. యాక్సిల్ మార్చడానికి గేర్‌బాక్స్ దించాల్సిన పనిలేదు. పుదుపేట పాత విడిభాగాల బజారులో పాతది చవకగా దొరుకుతుంది. డోరో బంపరో అయితే నేనే అక్కడికి పంపేవాణ్ణి, కానీ జాయింటు లోపలి అరుగుదల పైకి కనపడదు. కొత్తదే వేయించండి.

అన్నట్టు, ఇప్పుడు బండిని గేరులో వదిలినా అది ఆగదు, వాలు ఉంటే దొర్లిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి.

ప్రశ్న: నెల్లూరులో మూడు వారాలుండి వచ్చాను. కారు స్టార్టవుతోంది. హ్యాండ్‌బ్రేక్ దించి, ఫస్ట్ గేరులో క్లచ్ వదిలితే వెనక భాగం కాస్త కుంగి ఇంజన్ ఆగిపోతోంది.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఇంజన్ ఆగిపోతోందంటే క్లచ్ పట్టు బాగానే ఉందమ్మా, టెన్షన్ పడకండి. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో, వాటిని లోపలినుంచి ఒత్తి ఆపే బ్రేక్ షూలు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. రివర్స్‌లో ఒకసారి, ఫస్ట్‌లో ఒకసారి మెల్లగా కదిపి చూడండి, చాలాసార్లు ‘టక్’మని వదిలేస్తాయి. వదలకపోతే రేస్ ఇచ్చి లాగకండి, చక్రం విప్పించి డ్రమ్ముపై సుత్తితో మెల్లగా తట్టించండి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకుందేమో కూడా చూడమనండి. ఈసారి ఊరెళ్తే సమతలంగా ఉన్నచోట ఫస్ట్ గేరులో వదిలి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి వెళ్లండి, హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు.