గన్ కోసం లెదర్ బ్యాగు కుట్టాలంటే ముందు ఒర కుట్టండి

మీ ఆవిడకి క్యారీ లైసెన్స్ (గన్ వెంట ఉంచుకుని తిరిగే అనుమతి) వచ్చింది, పుట్టినరోజుకి మీ చేత్తో కుట్టిన లెదర్ హ్యాండ్‌బ్యాగ్ ఇవ్వాలని ఉంది, మామూలు బ్యాగులోనే వెనకవైపు ఒక అర కుట్టేసి పిస్టల్ అందులో పెట్టుకోమంటే సరిపోదా అని అడిగారు. సరిపోదు. ఆ పని నేను చేసి చూశాను.

నేనుండేది టెక్సస్‌లో. లెదర్ పని నాకు శనాదివారాల పిచ్చి. పర్సులు, బెల్టులు, రెండు ఆఫీసు బ్యాగులు కుట్టేసరికి చెయ్యి తిరిగిందనుకున్నాను. మా వదిన నర్సు, రాత్రి డ్యూటీలు ఎక్కువ. లైసెన్స్ తీసుకుంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు దాటి, చట్టం అడ్డురానివాళ్ళకి లైసెన్స్ లేకపోయినా ఫర్వాలేదు గానీ, ఉంటే చాలా రాష్ట్రాల్లో చెల్లుతుందని తీసుకుంది. డ్యూటీ బట్టల్లో నడుముకి కట్టుకుంటే ఉబ్బెత్తుగా కనబడుతోందట. "ఊళ్ళోవాళ్ళందరికీ కుట్టిపెడతావు, నాకో బ్యాగు కుట్టకూడదూ?" అంది. కాదనలేకపోయాను.

మొదటి బ్యాగుకి 3-4 ఔన్సుల క్రోమ్ టాన్ (క్రోమియం లవణాలతో పదును చేసిన) లెదర్ తీశాను. (లెదర్ మందం ఇక్కడ ఔన్సుల్లో చెబుతారు. 1 ఔన్సంటే అంగుళంలో 64వ వంతు, సుమారు 0.4 మి.మీ. అంటే నాది 1.2 నుంచి 1.6 మి.మీ. మందం.) వెన్నలా మెత్తటి తోలు. వెనక అరకి లోపల స్వేడ్ (నూగులాంటి మెత్తటి తోలు) వేసి, మూతికి అయస్కాంతం బటన్ పెట్టాను. చూడ్డానికి ఎంత బాగుందో! కాకపోతే అసలు గన్ పెట్టేముందు డమ్మీతో రెండు వారాలు మొయ్యమన్నాను. శిక్షణకి వాడే నీలంరంగు ప్లాస్టిక్ డమ్మీలు దొరుకుతాయి, ఒరలు చేసేవాళ్ళందరి దగ్గరా ఉంటాయవి. ఆ బ్యాగు విషయంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

రెండు వారాల తర్వాత తెరిచి చూస్తే డమ్మీ అడ్డంగా తిరిగి, పిడి అడుక్కి జారి, గొట్టం పైకి చూస్తోంది. ఎలా దూరిందో, పెన్ను మూత ఒకటి అదే అరలో ఉంది. ఇవైనా సరిచేసుకోవచ్చు. డమ్మీని తీసి మళ్ళీ లోపలికి తోస్తుంటే మెత్తటి అర అంచు మడతపడి, ట్రిగర్ చుట్టూ ఉండే కమ్మీలోకి దూరింది. ఇంకాస్త గట్టిగా తోస్తే ఆ మడతే ట్రిగర్‌ని నొక్కుతుంది. మా వదినది గ్లాక్ 43, దానికి వేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగర్ నొక్కినది వేలా తోలు మడతా అన్న తేడా దానికి తెలియదు. వాడివాడి మెత్తబడిన తోలు ఒరలు, జాకెట్ల దగ్గర వేలాడే తాళ్ళు ఇలాగే లోపలికి దూరి గన్ పేలిన సంఘటనలు ఉన్నాయి. ఆ బ్యాగు అర కత్తిరించేసి మా అమ్మకిచ్చాను, గుడికి తీసుకెళ్తోంది.

అందుకే మీకు చెప్పేది: బ్యాగు సంగతి తర్వాత, ముందు ఒర. గట్టిగా, ట్రిగర్‌ని పూర్తిగా కప్పేసేలా, గన్‌తో సహా ఒక్క ముక్కగా బ్యాగులోంచి బయటికొచ్చేలా ఉండాలి. బయటికి రావడం ఎందుకంటే, మా వదిన ఆసుపత్రి గుమ్మం దగ్గర 30.06 బోర్డు ఉంది. లైసెన్స్ ఉన్నా లోపలికి దాచి తీసుకురావద్దని దాని అర్థం. రోజూ కార్లో బిగించిన చిన్న సేఫ్‌లో పెట్టి వెళ్ళాలి. ఒర బ్యాగుకి కుట్టేస్తే రోజుకి రెండుసార్లు ఆ ఇరుకు కార్లో తూటాలు నిండుగా ఉన్న పిస్టల్‌ని ఒర లేకుండా ఒట్టిగా పట్టుకుని తియ్యాలి, పెట్టాలి. ఒరతో సహా వస్తే ట్రిగర్ అసలు బయటపడదు. తిరిగి పెట్టేటప్పుడూ అంతే. బ్యాగులోకి చూడకుండా తొయ్యడం కాదు. ఒరని బయటికి తీసి, గన్‌ని కళ్ళతో చూస్తూ అందులో దింపి, మొత్తం కలిపి బ్యాగులో అతికించాలి.

ఒరకి వెజిటబుల్ టాన్ (చెట్ల బెరడు రసంతో పదును చేసిన) తోలే వాడండి, 8-9 ఔన్సులది, అంటే 3.2 నుంచి 3.6 మి.మీ. నీళ్ళలో నానిస్తే బంకమట్టిలా చెప్పినట్టు వంగి, ఆరాక అదే ఆకారంలో బిగుసుకునేది అదే. క్రోమ్ టాన్‌కి ఆ గుణం లేదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసి, తోలు పై రంగు మళ్ళీ కాస్త లేతబడే వరకు ఆగాలి. డమ్మీకి పల్చటి ప్లాస్టిక్ చుట్టి, గొట్టం పైన, గురి చూసేందుకుండే ముందు బొడిపె (సైట్) తగిలే గీత వెంట ఒక సన్నటి పుల్ల టేపుతో అంటించండి. లేకపోతే బయటికి లాగినప్పుడల్లా ఆ సైట్ తోలుని చెక్కేస్తుంది. తర్వాత వేళ్ళతోనూ, నునుపైన గుండ్రటి పనిముట్టుతోనూ నొక్కుతూ ఆకారం తేవాలి. ట్రిగర్ కమ్మీ చుట్టూ మాత్రం గట్టిగా, లోతుగా నొక్కండి, గన్‌ని పట్టి ఉంచేది ఆ గుంటే. ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టి తొందరపడితే తోలు ముడుచుకుపోతుంది, డమ్మీ దూరదు.

మూతి దగ్గర ఇంకో పొర తోలు పట్టీలా కుట్టండి, గన్ తీసేశాక కూడా నోరు తెరుచుకునే ఉండాలి. పూర్తయ్యాక డమ్మీ పెట్టి తలకిందులు చేసి గట్టిగా కుదపండి. జారిందంటే మళ్ళీ తడిపి నొక్కాల్సిందే. ఇంకో మాట, బెల్టులకీ బ్యాగులకీ రాసే నూనె దీనికి రాయొద్దు. నూనె తోలుని మెత్తబరుస్తుంది, మనకి కావాల్సింది బిగువు. పల్చటి ఫినిష్ ఒక పూత చాలు. రాత్రిళ్ళు గన్‌ని ఈ ఒరలోనే నిల్వ ఉంచొద్దు, తోలు తేమ పీల్చి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది.

కుట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 4 మి.మీ. దూరంలో బెజ్జాలు, 0.8 మి.మీ. మైనం దారం, రెండు సూదులతో శాడిల్ కుట్టు. కుట్టు పొడవుకి నాలుగింతల దారం కోసుకోండి. మెషిన్ కుట్టు వద్దు. అందులో ఒకచోట తెగితే వరసగా ఊడుతుంది, శాడిల్ కుట్టులో రెండో దారం పట్టుకునే ఉంటుంది.

ఒరని బ్యాగులో నిలబెట్టడానికి వెల్క్రో. 2 అంగుళాల వెడల్పుది తీసుకుని, ఒర వెనక ఒక చదును తోలు ముక్క మీద గరుకువైపు, బ్యాగు లోపల వేసే గట్టి పలక మీద మెత్తవైపు కుట్టండి. జిగురుతో అంటించి వదిలెయ్యొద్దు, ఎండకి కార్లో జిగురు కరుగుతుంది. వెల్క్రోలో ఒక సుగుణం ఉంది. దాని వెంబడే పైకి లాగితే మొండిగా పట్టుకుంటుంది, మూల నుంచి ఒలిస్తే సులువుగా వస్తుంది. కాబట్టి గన్‌ని పైకి లాగినప్పుడు ఒర కదలదు, మనం ఒలిచినప్పుడు ఊడుతుంది. అయినా నేను ప్రెస్ బటన్ ఉన్న చిన్న పట్టీ ఒకటి అదనంగా పెట్టాను. డమ్మీతో యాభైసార్లు లాగి చూడండి. ఒక్కసారి ఒర వెంట వచ్చినా వెల్క్రో పెంచాలి.

ఇక బ్యాగు. ఒంటికి ఆనే వైపున గన్‌కి విడిగా ఒక అర, అందులో ఇంకేమీ ఉండకూడదు, లిప్‌స్టిక్ కూడా. తూటాలతో కలిపితే అరకిలో దాటుతుంది. ఆ బరువు మూల పడితే బ్యాగు ఒరిగిపోయి చూసిన వెంటనే అనుమానం వస్తుంది, అందుకని ఒర సరిగ్గా మధ్యలో, గొట్టం నేలవైపు ఉండేలా పెట్టండి. 4-5 ఔన్సుల తోలు బయటికి, లోపల గట్టి పలక. ఆకారం బయటికి అచ్చుపడకుండా కాపాడేది ఆ పలకే. భుజం పట్టీ రింగుల్ని కూడా పైతోలుకి కాకుండా పలకతో కలిపి కుట్టండి. మీ ఆవిడది ఏ చేతివాటమో అడగడం మర్చిపోవద్దు, జిప్పు ఆ చేతివైపు తెరుచుకోవాలి. కొందరు దొంగలు కొయ్యకుండా పట్టీలో ఉక్కు తీగ వేస్తారు. నేను వెయ్యలేదు. తెగని పట్టీ అంటే బ్యాగుతో పాటు మనిషిని కూడా ఈడ్చుకెళ్ళడమే అని నా భయం.

మీ ఇంట్లో పిల్లలున్నారో లేదో రాయలేదు. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలో ఒక దుకాణంలో, తోపుడు బండిలో కూర్చున్న రెండేళ్ళ బాబు తల్లి బ్యాగు జిప్పు తీసి గన్ పేల్చాడు. ఆవిడ అక్కడికక్కడే చనిపోయింది. అది కూడా గన్ కోసమే ప్రత్యేకంగా అర ఉన్న బ్యాగు. బ్యాగుకి తాళం వేసే జిప్పు పెట్టినా అది క్షణాల రక్షణే. బండిలో, కుర్చీ మీద, రెస్టారెంట్లో పక్క సీటులో పెట్టే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ బ్యాగు పనికిరాదు, ఇంటికి రాగానే గన్ సేఫ్‌లోకి వెళ్ళాలి. నన్నడిగితే నడుముకి కట్టుకోవడమే మేలని అంటాను. మా వదినతోనూ అన్నాను, వినలేదు.

ఈ బ్యాగుని విమాన ప్రయాణాలకి వాడొద్దని కూడా చెప్పండి. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు దొరికాయి, ఎక్కువ భాగం తూటాలతో నిండి ఉన్నవే. "బ్యాగులో ఉందని మర్చిపోయాను" అన్నవాళ్ళే ఎక్కువ. మా వదినకి ఈ బ్యాగు ఎర్రదారంతో కుట్టాను, మిగతావన్నీ నల్లదారం. ఎర్రదారం బ్యాగు ఎయిర్‌పోర్టుకి రాదు.

చదివే మిగతావాళ్ళకి ఒక మాట: హెచ్-1బి, హెచ్-4 వంటి వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఆ అడ్డు లేదు. నేను కుట్టింది కూడా వదినకి పౌరసత్వం వచ్చాకే.

రెండో బ్యాగు ఇప్పటికీ వాడుతోంది. రోజూ ఒలిచి ఒలిచి పలక మీది వెల్క్రో పీచు లేచిపోయింది, కొత్తది వెయ్యాలంటే లైనింగ్ మొత్తం విప్పాల్సి వచ్చింది. మీరు మాత్రం పలకని కుట్టెయ్యకుండా నాలుగు షికాగో స్క్రూలతో (రెండువైపులా తలలుండి ఒకదానిలోకి ఒకటి బిగిసేవి) బిగించండి. స్క్రూ తలలు బయటి తోలు మీద పువ్వుల్లా కనిపించేవి దొరుకుతాయి, ఎవరూ పోల్చలేరు.