విఆర్ గేమ్‌లో ఫెయిరీలుండే కథ తెలుగులో రాస్తే మన పిలకాయలకి ఎక్కాలంటే ఎట్ట రాయాల?

మీరడిగింది ఏందంటే, కావలి ఊరి అమ్మాయి ఒకామె, పదహారేళ్ళది, విఆర్ హెడ్‌సెట్ (కళ్ళకి కట్టుకుంటే గేమ్ లోపలే ఉన్నట్టు చూపించే పరికరం) పెట్టుకుని గేమ్ ఆడతా ఉంటే అందులో ఉండే ఫెయిరీలు నిజం ఫెయిరీలేనని తెలుస్తది, ఈ కథలో వాళ్ళని అట్టనే ఉంచాలా, తీసేసి మన యక్షిణుల్ని పెట్టాలా, ఇంకా వాళ్ళ చేత ఏ తెలుగు మాట్లాడించాల అని. నేనైతే ఫెయిరీల్ని ఫెయిరీలుగానే ఉంచమంటా. వాళ్ళది ఐర్లాండ్, ఐర్లాండ్‌లోనే ఉండనీండి. వాళ్ళని పసిగట్టే తెలివి మాత్రం ఆ పిల్లకి వాళ్ళ అవ్వ దగ్గర్నించి రావాల.

నేను కొన్నాళ్ళు నెల్లూరులో ఒక గేమింగ్ జోన్‌లో పనిచేశా, వచ్చిన పిలకాయలకి హెడ్‌సెట్ తగిలించి పట్టీ బిగించి, పడిపోకుండా పక్కనే నిలబడి చూసుకునే పని. ఇప్పుడు టీనేజ్ పిల్లల కోసం ఆన్‌లైన్‌లో సీరియల్ కథలు రాస్తుంటా. పెరిగింది కందుకూరు పక్క పల్లెలో, మా అవ్వ దగ్గర. ఈ మూడూ కలిపి చెప్తుండా, కొంచెం పొడుగైద్ది.

ముందు రెక్కల సంగతి. ఫెయిరీ అనంగానే చిన్న బొమ్మంత మనిషి, తూనీగ రెక్కలు, చేతిలో మెరిసే పుల్ల, అందరికీ ఇదే గుర్తొస్తది. ఆ రెక్కలు ఎక్కువగా బొమ్మలేసే వాళ్ళూ నాటకాల వాళ్ళూ తర్వాత తగిలించినవే. ఐర్లాండ్ పల్లెటూళ్ళ పాత కథల్లో ఉండేవాళ్ళు మనిషంత ఎత్తు, చూడను అందంగా, కోపమొస్తే భయంకరంగా ఉంటారు. వాళ్ళని ఈస్ షీ అంటారు, టూఅహ డే డనన్ అనే పాత దేవతా జాతి మనుషుల చేతిలో ఓడిపోయి మట్టిదిబ్బల కిందకి పోయి కాపురం ఉంటుందని అక్కడి నమ్మకం. ఇంకోటి, విఆర్‌లో ఎగిరే సీన్ మీరనుకున్నంత హాయిగా ఉండదు. కన్నేమో కదులుతున్నావంటది, చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగమేమో కదల్లేదంటది, ఆ తేడాకి కడుపులో తిప్పేస్తది. రోలర్ కోస్టర్ పెట్టమని గొడవ చేసిన పిలకాయలే నిమిషం కాకముందే మొహం పాలిపోయి కూర్చునేవాళ్ళు. అందుకే చాలా గేముల్లో నడిపించకుండా ఒకచోట మాయమై ఇంకోచోట తేలేటట్టు పెడతారు. మీ ఫెయిరీలు కూడా అట్టనే కదిలితే గేమ్ తెలిసినోళ్ళు వెంటనే నమ్ముతారు.

ఇప్పుడు అసలు విషయం. ఫెయిరీ కథలకి ప్రాణం వాళ్ళ షరతులు. అన్న మాట అన్నట్టే పట్టుకుంటారు, మనసులో ఏమనుకున్నావో వాళ్ళకి అక్కర్లేదు. కంప్యూటర్ కోడ్ కూడా అంతే గదా, నువ్వు చెయ్యాలనుకున్నది చెయ్యదు, రాసింది రాసినట్టు చేసి పెడతది. ఈ రెండూ ఒకటే జాతి. మీ నవల ఇక్కడ అతుక్కోవాల. గేమ్ ఒక పక్క, జానపదం ఒక పక్క పెట్టి మధ్యలో పోర్టల్, అంటే ఒక మాయ ద్వారం, తెరిస్తే అతుకు కనపడతది.

ఈ మాటకి కట్టుబడే సంగతి మనకి కొత్త కాదు. మా చిన్నప్పుడు ఇళ్ళ తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవాళ్ళు. రాత్రిపూట ఒక దయ్యం వచ్చి తలుపు కొడతదని, ఆ రాత చదివి సరే రేపొద్దామని పోతదని, రేపొచ్చి చదివితే మళ్ళీ రేపే అని ఉంటది కాబట్టి ఎప్పటికీ లోపలికి రాలేదని. దీన్ని గేమర్ కన్నుతో చూడండి, ఇది లూప్, అంటే తిరిగి తిరిగి అదే పని చేసే కోడ్! ఒక పల్లెటూరి ఆమె సుద్దముక్కతో దయ్యం మీద కోడ్ రాసి పెట్టింది. మీ అమ్మాయి గేమ్‌లో ఫెయిరీల రాణి వెంటపడినప్పుడు ఇదే గోడ మీద రాసిందంటే చదివే ప్రతి తెలుగు పిల్లా లేచి కూర్చుంటది, నాకు ఆ నమ్మకం గట్టిగా ఉంది.

దీనికి తిరగదిప్పి ఇంకోటి. మనం ఎవరింట్లోంచన్నా లేచేటప్పుడు పోతా అనం, పోయొస్తా అంటాం. మన పిల్ల గేమ్‌లోంచి బయటికొచ్చేటప్పుడు ఏ ఆలోచనా లేకుండా, చిన్నప్పట్నించీ అలవాటైన మర్యాదకి, పోయొస్తా అంటది. వాళ్ళ లెక్కలో అది మాట ఇచ్చినట్టే. ఇంక తను హెడ్‌సెట్ అమ్మేసినా సరే, ఆ మాట తీరేదాకా వాళ్ళు వదలరు. మీరు వాడుకోదలిస్తే వాడుకోండి, నేను రాసే సీరియల్‌లో ఇది లేదు.

తర్వాత గీత. స్టాండలోన్ హెడ్‌సెట్లలో, అంటే కంప్యూటర్‌కి తగిలించకుండా వాటంతటవే పనిచేసే వాటిల్లో, ఆట మొదలెట్టేముందు చేతిలో పట్టుకునే కంట్రోలర్‌తో నేల మీద చుట్టూ ఒక గీత గీసుకుంటాం, ఆ హద్దు దగ్గరికి పోతే ఎదురుగా వల మాదిరి గోడ కనపడతది, దాటితే బయట గది కనపడతది. గోడకి గుద్దుకోకుండా అదొక కాపలా. ఫెయిరీ కథల్లో గడ్డి మీద గుండ్రంగా మొలిచిన పుట్టగొడుగుల్ని వాళ్ళ ఉంగరం అంటారు, అందులో కాలు పెట్టినోడు వాళ్ళతో పాటు ఆడతా ఉండిపోతాడు, బయటున్నోళ్ళు ఎవరన్నా చెయ్యి పట్టి లాగితేనే వస్తాడు. చూశారా, ఒక చోట గీత కాపాడతది, ఇంకోచోట అదే గీత బంధిస్తది. మీ అమ్మాయి రోజూ ఇంట్లో హాల్లో తన చేత్తోనే ఆ ఉంగరం గీసుకుంటుందని ఆమెకి ఎప్పుడు తెలుస్తదో అక్కడ ఒక చాప్టర్ ఆపొచ్చు. ఇది నేను ఆ గేమింగ్ జోన్‌లో పిలకాయలకి గీత గీయించేటప్పుడే తట్టింది, పక్కన నిలబడి భుజం పట్టుకుని వెనక్కి లాగే పని నాదే కాబట్టి.

తిండి సంగతి దగ్గర జాగ్రత్త. వాళ్ళ లోకంలో ఏదీ తినకూడదు, తాగకూడదు, తింటే అక్కడే ఉండిపోతారు, ఇది పాత షరతు. మనకీ ఉంది, యక్షప్రశ్నలు అదే గదా. మడుగు నాది, నా ప్రశ్నలకి జవాబు చెప్పి తాగు అన్నాడు యక్షుడు, వినకుండా తాగిన నలుగురు తమ్ముళ్ళూ వరసగా పడిపోయారు, ఆగి జవాబు చెప్పిన ధర్మరాజు అందర్నీ లేపుకున్నాడు. దాన్ని తెలుగు చేసింది ఎర్రన, అరణ్యపర్వంలో నన్నయ ఆపేసిన కాడ్నించి పూర్తి చేసింది ఆయనే, ఆయన పుట్టింది గుడ్లూరు అంటారు, మా కందుకూరు పక్కనే. మీరు మన వైపు పిల్ల కథ రాస్తుండారు గాబట్టి ఇది ఆమె టెన్త్ తెలుగు మాస్టారి నోట ఒక్క మాటగా పడినా బాగుంటది. అయితే చిక్కేందంటే విఆర్‌లో నోటికి ఏదీ రాదు, రుచి లేదు వాసన లేదు, కాబట్టి గేమ్‌లో పండు తినింది అని ఊరికే రాసేస్తే దాంట్లో భయం ఉండదు. దానికి నాకు తోచింది ఇదీ. ఆ పిల్ల పొద్దున్నించీ తినకుండా ఆడతా ఉంటది, అవ్వకి ప్రాణం ఆగదు, పెరుగన్నం కలిపి ముద్ద తీసుకొచ్చి నోరు తెరవమంటది. అదే నిమిషంలో గేమ్‌లో ఒక చెయ్యి పండు పట్టుకుని ఆమె నోటి దగ్గరికొస్తది. కళ్ళకి కనపడేది ఒక చెయ్యి, నోటికి తగిలేది ఇంకో చెయ్యి. చల్లగా పుల్లగా పెరుగన్నమే తగిలింది అనుకుని మింగుతది, ఆ తర్వాత వంటింట్లోంచి అవ్వ గొంతు వినపడతది, వస్తుండా ఉండు, ఇప్పుడే కలుపుతుండా అని.

ఇనుము మీకు దొరికిన అన్నిటికన్నా గట్టి వంతెన. ఐర్లాండ్‌లో, స్కాట్లాండ్‌లో ఫెయిరీలు పసిబిడ్డని ఎత్తుకుపోయి వాళ్ళ బిడ్డని పెట్టిపోతారని భయం, అందుకని ఉయ్యాల మీద ఇనప పటకారో కత్తెరో పెట్టేవాళ్ళు. మన బాలింత గదిలో ఏముంటది? గుమ్మానికి వేపాకు, దిండు కింద కత్తో ఇనప ముక్కో. రాత్రిపూట మాంసం కూర క్యారియర్‌లో పెట్టి పంపేటప్పుడు బొగ్గు ముక్కో ఇనప మేకో వేసి పంపేది మా అవ్వ, ఎందుకే అంటే గమ్మున తీసుకుపో అనేది. ఇంత దూరం దేశాల వాళ్ళు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే పని చేశారంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తది. కాబట్టి మీ అమ్మాయి గూగుల్‌లో వెతికి ఇనుము కనుక్కోవద్దు. అవ్వ ఏమీ అడక్కుండా, ఆ పిల్ల మాటలు విని, ఒక పాత మేకు తెచ్చి గుప్పిట్లో పెట్టాల. గేమ్ లోపలికి ఆ మేకు రాదు, స్క్రీన్ మీద చెయ్యి ఖాళీగానే కనపడతది, కానీ ఎదురుగా ఉన్నోళ్ళు ఒక అడుగు వెనక్కేస్తారు.

కాలం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉషీన్ అనే వీరుడు టీర్ న నోగ్ అనే ముసలితనం లేని లోకంలో మూడేళ్ళు ఉన్నాననుకుని తిరిగొస్తే ఐర్లాండ్‌లో 300 ఏళ్ళు అయిపోయి ఉంటాయి, గుర్రం మీంచి కాలు నేలకి తగలంగానే ముసలోడైపోతాడు. మనకి రేవతి కథ ఉంది, వాళ్ళ నాయన కకుద్మి బ్రహ్మ దగ్గరికి పిల్లకి మొగుణ్ణి అడగను పోయి, పాట అయ్యేదాకా కాసేపు ఆగితే భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచినాయి, ఆమెని ఆఖరికి బలరాముడికిచ్చారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, హెడ్‌సెట్ బ్యాటరీ మామూలుగా రెండు మూడు గంటలే వస్తది. అది అయిపోయినా లోపల బొమ్మ ఆగలేదంటే అప్పుడు భయం పుడతది. నెల్లూరు ఎండాకాలంలో అయితే చెమటకి లెన్స్ మసకబారిపోద్ది, మాటిమాటికీ తీసి మెత్తటి గుడ్డతో తుడవాల. ఇంకా ఎండలో కిటికీ పక్కన పెడితే లెన్స్‌లోంచి ఎండ పడి స్క్రీన్ కాలి మచ్చలు పడతాయి, బాగుచెయ్యను కుదరదు. ఇవన్నీ కథలో పెట్టండి, ఆడినోళ్ళకి తెలుస్తాయి. ఆ హెడ్‌సెట్ ఆ ఇంటికి ఎట్టొచ్చిందో కూడా చెప్పాల, బెంగుళూరులో ఉద్యోగం చేసే మేనమామ పాతది ఇచ్చాడంటే సరిపోద్ది.

ఫెయిరీలూ టెక్నాలజీ కలిస్తే నమ్ముతారా అని మీకు అనుమానం ఉంటే కాటింగ్‌లీ కథ చదవండి. 1917లో ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లో ఇద్దరు ఆడపిల్లలు, ఒకామెకి 16, ఇంకొకామెకి 9, వాగు పక్కన ఫెయిరీలతో ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయిల్ అంతటోడు 1920లో అవి నిజమని పత్రికలో రాశాడు. 1983లో ఆ ఇద్దరూ ముసలితనంలో, అట్టముక్కల మీద బొమ్మలు గీసి టోపీ పిన్నులతో నిలబెట్టామని చెప్పేశారు. కానీ చిన్నామె ఫ్రాన్సెస్ మాత్రం అయిదో ఫొటో నిజమేనని చివరిదాకా అంటానే ఉంది. ఆ రోజుల్లో ఇళ్ళల్లో కెమెరా కొత్త, ఈ రోజుల్లో హెడ్‌సెట్ కొత్త. ఆ అయిదో ఫొటో మాదిరి ఒక్కటి, ఎవరూ తేల్చలేనిది, మీ కథలో ఉండాల.

యక్షిణుల్ని ఎందుకు వద్దంటున్నానంటే, పేరు మార్చి పెడితే రెండిటికీ అన్యాయం. ఐర్లాండ్ వాళ్ళకి అవి ఇప్పటికీ బతికున్న నమ్మకాలు, 1999లో క్లేర్ కౌంటీ లాటూన్ దగ్గర రోడ్డుకి అడ్డమని ఒక ఫెయిరీ ముళ్ళచెట్టు కొట్టబోతే ఎడ్డీ లెనిహన్ అనే కథలు చెప్పే ఆయన గట్టిగా అడ్డం పడ్డాడు, చెట్టుని ఉంచే రోడ్డు వేశారు. మన దగ్గర పోలేరమ్మ వేపచెట్టుని ఎవరన్నా ముట్టుకుంటారా, అంతే అది. మొక్కే దేవతల్ని తెచ్చి గేమ్‌లో బాస్ ఫైట్‌కి, అంటే పెద్ద శత్రువుతో చేసే పోరుకి, పెట్టొద్దు, అది నా మనసుకి పట్టదు. ఒకరి పద్ధతి తెలిసిన పిల్ల ఇంకొకరి పద్ధతిని గౌరవంగా గుర్తుపట్టడం, అది చాలు.

భాష అడిగారు. ఫెయిరీల చేత పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడించండి, గేమ్ కంపెనీ అనువాదం చేయించి పెట్టిన తెలుగు అట్టనే ఉంటది, పైగా వాళ్ళ బిగువుకి సరిపోద్ది. అమ్మాయికి, అవ్వకి మాత్రం మన మాట పెట్టండి, ఎట్ట, ఆడ, గమ్మునుండు, అన్నీ. కథ సగంలో ఒక ఫెయిరీ ఉన్నట్టుండి అచ్చం అవ్వ మాదిరి "ఏందే ఇంకా తినలా?" అనిందంటే ఆ పిల్ల ఆ ముద్ద ఎవరు పెట్టారో అక్కడ అర్థం చేసుకుంటది, మీరు వేరే చెప్పక్కర్లేదు. ఒక మూడు చాప్టర్లు అయినాక ఇక్కడే పెట్టండి, నేను చదువుతా.