కోత లెక్కలు మ్యాప్‌లోకి ఎక్కాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. కోతప్పుడు వచ్చిన లెక్కల్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, పొలంలో ఏ మూల ఎంత పండిందో మ్యాప్ గీసుకోవడం ఎలా అని. అమెరికాలో మొక్కజొన్న చేలల్లో పనిచేస్తున్న వాళ్లూ అడిగారు, మిర్యాలగూడ దగ్గర వడ్లు పండించే వాళ్లూ అడిగారు. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ప్రస్తుతం ఇల్లినాయ్‌లో ఒక పెద్ద ఫార్మ్‌లో డేటా పని చూస్తున్నాను. కంబైన్ హార్వెస్టర్ మానిటర్ (కోస్తుండగానే దిగుబడి నమోదు చేసే పరికరం) నుంచి కార్డులో తెచ్చిన మొక్కజొన్న డేటాను సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేశాను. మ్యాప్ అయితే వచ్చింది గానీ దిగుబడి మారే చోటల్లా అంచు రంపం పళ్లలా కనిపిస్తోంది, మధ్యలో అక్కడక్కడా సగం దిగుబడి చూపించే సన్నటి చారలు ఉన్నాయి, మొత్తం బుషెల్స్ కూడా గింజలు కొన్నవాళ్ల తూకం చీటీలతో కలవడం లేదు. ఇంపోర్ట్‌లో నేనేమైనా తప్పు చేశానా? ఓనర్ రోజూ అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంపోర్ట్ తప్పయితే ఫైలే తెరుచుకోదు, లేదా చేను వేరే చోట పడుతుంది. మీకు చేను సరైన చోటే వచ్చింది కాబట్టి ఆ భయం వదిలేయండి. మీరు చెప్పిన మూడూ ఇంపోర్ట్ వల్ల వచ్చినవి కావు, మూడింటికీ కారణాలు వేరు.

ముందు రంపం పళ్ల సంగతి. కంకి కోసిన చోటికీ, గింజ నూర్పిడి అయి, శుభ్రమై, పైకెక్కి ట్యాంకు దగ్గరి సెన్సర్‌కు తగిలే చోటికీ మధ్య సుమారు 10 నుంచి 15 సెకన్లు పడుతుంది. కంబైన్ గంటకు 4 మైళ్ల వేగంతో పోతుందనుకుంటే 12 సెకన్లలో 21 మీటర్లు ముందుకెళ్లిపోతుంది, అంటే సరిదిద్దకపోతే ప్రతి గింజా తను పండిన చోటికి 21 మీటర్ల అవతల నమోదవుతుంది. పక్క సాలు ఎదురు దిశలో కోస్తారు కాబట్టి అక్కడ తప్పు అటువైపు పడుతుంది, రెండు సాళ్ల మధ్య తేడా 40 మీటర్లు దాటుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫ్లో డిలే అనే సెట్టింగ్ ఉంటుంది. ఒక్కో సెకను మార్చి చూస్తూ పోండి, చేనులో నీళ్లు నిలిచే పల్లం లాంటిది ఏదైనా ఉంటే దాని అంచు రెండు దిశల సాళ్లలోనూ ఒకే గీత మీదికి వచ్చేదాకా. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన విభాగం ఇచ్చే యీల్డ్ ఎడిటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఈ పని కోసమే ఉంది, ఒకసారి వాడి చూడండి.

సగం దిగుబడి చారలకు కారణం హెడర్, అంటే కంబైన్ ముందు కంకులు కోసే భాగం, దాని వెడల్పు. ఎనిమిది వరసల హెడర్, వరసకూ వరసకూ 30 అంగుళాలు, అంటే 20 అడుగులు. చివర్లో నాలుగు వరసలే మిగిలితే కంబైన్ నాలుగే కోస్తుంది, కానీ మానిటర్‌లో వెడల్పు తగ్గించకపోతే 20 అడుగులూ కోసినట్టే రాసుకుంటుంది. గింజలు సగం, విస్తీర్ణం మొత్తం, దాంతో అక్కడ దిగుబడి సగానికి పడిపోతుంది. చేనుకు ఏ లోపమూ లేదు. మలుపుల దగ్గరా, హెడర్ పైకెత్తిన చోటా, సాలు మొదట్లో యంత్రం నిండేలోగానూ వచ్చే పాయింట్లు కూడా ఇలాంటివే. వాటిని తీసేయడానికి మొహమాటపడకండి. డేటా తీసేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు చాలామంది బాధపడతారు గానీ, తప్పని తెలిసిన పాయింట్‌ను ఉంచుకోవడమే నష్టం. ఒక్కటే జాగ్రత్త, తీసే ముందు కార్డులోని ఫోల్డర్ మొత్తాన్ని, లోపల ఒక్క ఫైలు పేరు కూడా మార్చకుండా, వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి.

ఇక తూకం. మొక్కజొన్న బుషెల్ అంటే 56 పౌండ్లు, తేమ 15.5 శాతం దగ్గర లెక్క. మీ గింజ 22 శాతం తేమతో వస్తే వెయ్యి పౌండ్ల పచ్చి గింజ 15.5 దగ్గరకు వచ్చేసరికి 923 పౌండ్లే అవుతుంది. కొనేవాళ్లు తేమకు కోత వేస్తూ దాంతోపాటు తరుగు కూడా కొంత కలిపి తీసేస్తారు, మానిటర్ ఆ తరుగు తీయదు. కాబట్టి చివరి అంకెను చివరి అంకెతో పోల్చకండి, పచ్చి బరువును పచ్చి బరువుతో పోల్చండి. అప్పుడు కూడా అన్ని లోడ్లలో ఒకే నిష్పత్తిలో తేడా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ నిష్పత్తితో సరిచేసుకోవచ్చు. ఒక లోడ్‌లో ఎక్కువ, ఇంకో లోడ్‌లో తక్కువ ఉంటే మాత్రం కాలిబ్రేషనే సరిగా లేదు. సెన్సర్‌కు గింజలు తగిలే ఒత్తిడి, వచ్చే గింజల బరువు ఒకే లెక్కలో పెరగవు, అందుకే వేగం మార్చి మార్చి కోసి, కనీసం నాలుగైదు లోడ్లు తూచి, ఆ అసలు బరువులు మానిటర్‌కు ఇవ్వాలి. అది వచ్చే కోత మొదటి రోజే చేయాల్సిన పని, ఓనర్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఈ ఏడాది మ్యాప్‌లో ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అనేది ఒక అంచనాకు వాడుకోండి, అంకెల్ని గట్టిగా నమ్మొద్దని ఆయనకు నేరుగా చెప్పేయండి.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మిర్యాలగూడ దగ్గర నాన్నకు 12 ఎకరాల వరి ఉంది. కిరాయి హార్వెస్టర్‌తో కోయిస్తారు, దానికి ఏ మానిటరూ లేదు. మాలాంటి వాళ్లు దిగుబడి మ్యాప్ గీసుకోవడం కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుందమ్మా. ఒక రకంగా మీకే సులువు. ఇల్లినాయ్‌లో వందల ఎకరాల చేనుకు మధ్యలో గట్లు ఉండవు కాబట్టి సెకను సెకనుకూ లెక్క కావాలి. మీ పొలాన్ని గట్లు ముందే మడులుగా విడగొట్టి ఉంచాయి. మడికి ఎన్ని కిలోలో తెలిస్తే చాలు, మ్యాప్ వచ్చేస్తుంది.

కష్టమంతా కోత రోజునే. హార్వెస్టర్ డ్రైవర్‌కు గంటల లెక్కన కిరాయి, ఆయన మడి మడికీ ట్యాంకు ఖాళీ చేయమంటే విసుక్కుంటాడు, పక్క పొలం వాళ్లు ఎదురుచూస్తుంటారు. అందుకే కోతకు ముందే నాన్నగారితో కూర్చుని మడులన్నిటికీ నంబర్లు వేయండి, మరీ చిన్నవి రెండు మూడు కలిపి ఒక నంబర్ చేయండి, ప్రతి నంబర్ దగ్గరా ట్యాంకు దించాలని డ్రైవర్‌కు ముందే చెప్పి, దానికి కొంచెం ఎక్కువ ఇస్తామని ఒప్పించండి. ట్రాక్టర్ ట్రాలీని వే బ్రిడ్జి దగ్గర తూయించి చీటీ మీద మడి నంబర్ అక్కడికక్కడే రాయించాలి, ఇంటికి వెళ్లాక రాద్దామంటే ఏ చీటీ ఏ మడిదో ఎవరికీ గుర్తుండదు. కాంటా దూరమైతే మడివారీగా వేరు వేరు కుప్పలు పోసి, 40 కిలోల బస్తాల లెక్క తీసినా సరిపోతుంది.

బరువుతో పాటు తేమ కూడా రాయాల్సిందే. ఇది చాలామంది వదిలేస్తారు, మ్యాప్ పాడయ్యేది ఇక్కడే. పొద్దున మంచు మీద కోసిన మడి, మధ్యాహ్నం ఎండలో కోసిన మడి ఒకే తేమతో ఉండవు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ అడుగుతారు కదా, అన్నిటినీ ఆ 17కే తీసుకురండి. వంద నుంచి తేమ శాతం తీసేసి, 83తో భాగించి, బరువుతో గుణించాలి. ఉదాహరణకు 32 గుంటల మడిలో 22 శాతం తేమతో 2,000 కిలోలు వచ్చాయనుకోండి. 78ని 83తో భాగించి 2,000తో గుణిస్తే సుమారు 1,880 కిలోలు. 32 గుంటలంటే 0.8 ఎకరం కాబట్టి ఎకరానికి 23.5 క్వింటాళ్లు. తేమ చూడకుండా లెక్కేస్తే 25 అనుకునేవాళ్లు.

విస్తీర్ణం పాస్‌బుక్ చూసి వేయకండి. అందులో గట్లు, కాలువలు, బాట అన్నీ కలిసే ఉంటాయి. ఫోన్ పట్టుకుని గట్ల వెంట నడిచి కొలిచినా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. 40 మీటర్ల వెడల్పు మడిలో నాలుగు మీటర్లు తేడా వస్తే దిగుబడి లెక్కే పది శాతం మారిపోతుంది. శాటిలైట్ ఫోటోలో గట్లు స్పష్టంగా కనబడతాయి, గూగుల్ ఎర్త్‌లో వాటి లోపలి అంచున గీసి, ఆ ఫైల్‌ను క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. రెండు మూడు మడులు టేపుతో కొలిచి సరిచూసుకోండి. క్యూజీఐఎస్ ఉచితం, మీ నాన్నగారి పొలానికి అంతకు మించి ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. మడి నంబర్, కిలోలు, తేమ, గుంటలు ఉన్న పట్టికను సీఎస్‌వీగా (కాలమ్‌లను కామాలతో విడదీసే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) చేసి, గీసిన మడులకు నంబర్ ఆధారంగా జాయిన్ చేస్తే రంగులు వేసుకోవడమే మిగులుతుంది.

ఒకవేళ మడులకు బదులు ఒక్కో పాయింట్ అక్షాంశం, రేఖాంశం ఇస్తుంటే ఎక్స్ దగ్గర రేఖాంశం, వై దగ్గర అక్షాంశం రావాలి. మిర్యాలగూడ సుమారు 16.9 ఉత్తరం, 79.6 తూర్పు. రెండూ తారుమారైతే మీ పొలం ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది, తెర మీద ఏమీ కనబడక ఫైలే పాడైందనుకుంటారు. దూరాలు మీటర్లలో కావాలంటే యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తరం ఎంచుకోండి. తెలుగు రాష్ట్రాల్లో చాలావరకు అదే జోన్, 78 డిగ్రీలకు పడమరన ఉన్న నారాయణపేట, అనంతపురం వైపు వాళ్లు మాత్రం 43 తీసుకోవాలి.

ప్రశ్న: మా రైతు సంఘంలో యాభై మంది కోత వివరాలు ఎక్సెల్‌లో పెట్టాం. తెరిచి చూస్తే సర్వే నంబర్లు తేదీలైపోయాయి, తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారాయి. మళ్లీ మొదటి నుంచీ కొట్టాలా?

జవాబు: పేర్లకు అక్కర్లేకపోవచ్చు. మీ ఎక్సెల్ ఫైల్‌లో తెలుగు బాగానే ఉండి, సీఎస్‌వీలోనే పాడైతే, మళ్లీ సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనేది ఎంచుకోండి, సరిపోతుంది. సర్వే నంబర్ల సంగతి వేరు. 5/2 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 5గానో మే 2గానో మార్చేసి, లోపల తేదీగానే దాచుకుంటుంది, తర్వాత ఆ గడిని టెక్స్ట్ అని మార్చినా ఏదో పెద్ద అంకె వస్తుంది తప్ప 5/2 తిరిగి రాదు. ఆ ఒక్క కాలమ్‌ను ముందు టెక్స్ట్‌గా పెట్టుకుని పాస్‌బుక్కులు చూసి మళ్లీ కొట్టాల్సిందే. అలాగే 1,250 అని కామా పెట్టి రాసిన బరువుల్లో కామాలు తీసేయండి, సీఎస్‌వీలో కామా అంటే తర్వాతి కాలమ్ అని అర్థం కాబట్టి కొన్ని సాఫ్ట్‌వేర్లలో 1 ఒక చోట, 250 ఇంకో చోట పడతాయి.

ప్రశ్న: ఇంత తిప్పలెందుకు, శాటిలైట్ పచ్చదనం మ్యాప్ చూసి దిగుబడి చెప్పేయొచ్చు కదా?

జవాబు: పచ్చదనం దిగుబడి కాదండీ. ఉచితంగా దొరికే సెంటినెల్-2 శాటిలైట్ ఫోటోలో ఒక చుక్క అంటే 10 మీటర్లు. 40 మీటర్ల మడికి పదహారు చుక్కలు వస్తాయి, వాటిలో గట్టు తగలనివి నాలుగే. వానాకాలంలో వారాల తరబడి మబ్బులే. పైరు గుబురుగా కమ్మేశాక పచ్చదనం సూచిక పెరగడం ఆగిపోతుంది, బాగున్న మడికీ ఇంకా బాగున్న మడికీ తేడా తెలియదు, తాలు గింజల సంగతి అసలే తెలియదు. యాసంగిలో ఎక్కడ పైరు వెనకబడిందో ముందే పసిగట్టడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది, దానికి వాడండి.

ప్రశ్న: పోయిన యాసంగి మ్యాప్‌లో మూడు మడులు బాగా తక్కువ చూపించాయి. వాటికి ఈసారి యూరియా పెంచమంటారా?

జవాబు: వద్దు. ఒక్క పంట మ్యాప్ చూసి ఎరువు మార్చకండి. ఆ ఏడాది దోమపోటు తగిలి ఉండొచ్చు, కాలువ నీళ్లు ఆఖరి తడికి అందకపోయి ఉండొచ్చు, కోతకు ముందు పైరు పడిపోయి ఉండొచ్చు. కనీసం మూడు పంటల మ్యాప్‌లు పెట్టి చూడండి. అయితే కిలోలను నేరుగా పోల్చకూడదు, ఒక ఏడాది కాలం కలిసొస్తుంది, ఒక ఏడాది రాదు. ఆ పంటలో పొలం మొత్తం సగటును వంద అనుకుని ప్రతి మడికీ మార్కు వేయండి. ఏ కాలంలోనైనా 80 దాటని మడి ఉంటే అక్కడ నిజంగా ఏదో ఉంది. ఒక పంటలో 75, తర్వాతి పంటలో 110 వచ్చిన మడి గురించి బెంగ అక్కర్లేదు, ఆ పంటలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే చాలు.

ఎప్పుడూ వెనకబడే మడి దొరికాక అక్కడికి వెళ్లి చూడాలి. చదును చేసినప్పుడు పైమట్టి తీసి పక్క మడిలో పోశారా అని పెద్దవాళ్లను అడగండి, అలా గీకేసిన చోట జింకు లోపం తరచుగా వస్తుంది, దానికి యూరియా ఎంత వేసినా డబ్బు దండగే. ఎండాకాలంలో నేల మీద తెల్లగా పొర కడుతోందంటే చౌడు, దానికి వైద్యం వేరు. ఆ మడి మట్టి ఒకటి, బాగా పండే మడి మట్టి ఒకటి, విడివిడిగా పరీక్షకు పంపండి. పొలం మొత్తం మీద కలిపి తీసిన ఒక్క నమూనాలో ఈ తేడా కనబడదు.

ప్రశ్న: ఒక యాప్ వాళ్లు మా కోత డేటా అప్‌లోడ్ చేస్తే మ్యాప్ ఉచితంగా ఇస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇచ్చే ముందు మూడు విషయాలు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మీ డేటా వేరే ఎవరికైనా ఇస్తారా, మీరు వద్దనుకున్నప్పుడు పూర్తిగా తీసేస్తారా, మీ లెక్కలన్నీ మళ్లీ సీఎస్‌వీగానో షేప్‌ఫైల్‌గానో (మ్యాప్ సాఫ్ట్‌వేర్లు చదివే ఫైళ్ల కట్ట) మీకు తిరిగి ఇస్తారా. మూడోదానికి కాదంటే అసలు ఇవ్వకండి. షేప్‌ఫైల్ ఇస్తామంటే ఒక్క ఫైల్‌తో సరిపెట్టుకోవద్దు, ఎస్‌హెచ్‌పి, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి. డీబీఎఫ్ లేకపోతే దిగుబడి అంకెలు ఉండవు, పీఆర్‌జే లేకపోతే ఆ పొలం భూమ్మీద ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.