ఫెయిలైన టెస్టు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

ప్రోగ్రామింగ్ భాష టెస్టు సూట్ (ఆ భాష సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టుల మొత్తం) నడిపి నువ్వు రాసిన రిపోర్టు చదివాను. "లినక్స్‌లో అన్నీ పాసయ్యాయి, విండోస్‌లో మూడు, మ్యాక్‌లో ఒకటి ఫెయిలయ్యాయి" అని రాశావు. ఇది చేతికందిన డెవలపర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏ పరిస్థితుల్లో ఫెయిలయ్యాయో చెప్పాలి.

ముందు మెషీన్ సంగతి: ఓఎస్ వెర్షన్, ప్రాసెసర్, కంపైలర్, ఫైల్ సిస్టమ్, లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు), టైమ్ జోన్, ఏ కమిట్ (కోడ్‌లో నమోదైన ఏ మార్పు) మీద బిల్డ్ చేశావో. పైథాన్‌లో 'టెస్ట్.పైథాన్‌ఇన్ఫో' మాడ్యూల్ నడిపితే వీటిలో చాలావరకు అదే చెబుతుంది, యథాతథంగా జతచెయ్యి. ఉత్త "లినక్స్" అంటే చాలదు. ఉబుంటులో ఉండేది గ్లిబ్‌సీ, ఆల్పైన్‌లో ఉండేది మజిల్; రెండూ లినక్స్ రకాలే, కానీ ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీలు వేరు. లొకేల్ విషయంలో ఆ రెండూ ఒకేలా ప్రవర్తించవు. ఏ యూజర్‌గా నడిపావో కూడా రాయి. కంటెయినర్లలో (ప్రోగ్రామును విడిగా నడిపే మూసిన పరిసరాల్లో) చాలాసార్లు రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా నడుపుతాం. రూట్‌కు ఫైల్ పర్మిషన్లు అడ్డురావు కనుక, "అనుమతి లేని ఫైలు తెరిస్తే ఎర్రర్ రావాలి" అనే టెస్టు ఆ ఎర్రర్ రాకే ఫెయిలవుతుంది. అందులో భాష తప్పేమీ లేదు.

తర్వాత ఫెయిలైన టెస్టును విడిగా నడుపు. విడిగా పాసై, మొత్తం సూట్‌లో పడిపోతే, ముందు నడిచిన టెస్టేదో ఎన్విరాన్‌మెంట్ వేరియబులో (ప్రోగ్రాములు చదివే సిస్టమ్ సెట్టింగు), కరెంట్ డైరెక్టరీయో మార్చి వదిలేసిందని అనుమానించు. సమాంతరంగా నడిపినప్పుడే పడిపోతే, రెండు టెస్టులు ఒకే నెట్‌వర్క్ పోర్టు కోసమో, ఒకే పేరున్న తాత్కాలిక ఫైలు కోసమో కొట్టుకుంటున్నాయేమో చూడు. క్రమం కలగలిపి నడిపితే ర్యాండమ్ సీడ్ (అదే క్రమాన్ని మళ్లీ రప్పించే సంఖ్య) రాయడం మర్చిపోకు.

విండోస్‌లో ఎక్కువగా ఎదురయ్యేది ఎర్రర్ 32: ఫైలు ఇంకొకరి వాడుకలో ఉందని. టెస్టు తాత్కాలిక ఫైలును తెరిచి, మూయకుండానే తొలగించబోతుంది. యూనిక్స్ (లినక్స్, మ్యాక్ ఈ కోవలోవే) తెరిచి ఉన్న ఫైలును కూడా తొలగించనిస్తుంది, విండోస్ మామూలుగా ఒప్పుకోదు. అంటే మూయని ఫైలు లినక్స్‌లోనూ ఉంది, అక్కడ బయటపడలేదంతే. అయితే ఒక్కోసారి యాంటీవైరస్ కూడా ఫైలును క్షణంపాటు పట్టుకుంటుంది. ఇరవైసార్లు నడిపి చూడు. ప్రతిసారీ పడిపోతే ముందు టెస్టునే అనుమానించు. అప్పుడప్పుడైతే ఎన్నింటికి ఎన్నో లెక్క రాయి.

మ్యాక్‌లో తాత్కాలిక డైరెక్టరీ '/వార్' కింద ఉంటుంది, ఆ '/వార్' నిజానికి '/ప్రైవేట్/వార్'కు సింబాలిక్ లింకు, అంటే వేరే చోటికి చూపే మారుపేరు. రెండు పాత్‌లను (ఫైలు చిరునామాలను) అక్షరాలా పోల్చే టెస్టు అక్కడ బోల్తా పడుతుంది. పోల్చేముందు రెండింటినీ అసలు పాత్‌గా మార్చాలి. ఆ డైరెక్టరీ పేరు పొడుగు కూడా. యూనిక్స్ సాకెట్ (ఒకే మెషీన్‌లో ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) పాత్‌కు లినక్స్‌లో 108 బైట్లు, మ్యాక్‌లో 104 మాత్రమే. సాకెట్ టెస్టు పడిపోతే ముందు పాత్ పొడవు కొలువు.

ఇక స్కిప్ సంగతి, అంటే టెస్టును నడపకుండా వదిలెయ్యడం. "విండోస్ అయితే వదిలెయ్" అన్న షరతు నాకు నచ్చదు. సింబాలిక్ లింకుల టెస్టులనే చూడు: డెవలపర్ మోడ్ అనే విండోస్ సెట్టింగు ఆన్‌లో ఉంటే అక్కడా మామూలు యూజర్ సింబాలిక్ లింకులు చేయగలడు. ఓఎస్ పేరు చూడటం మాని, ఒక లింకు చేసి చూసి, కుదరకపోతేనే స్కిప్ చెయ్యమని, కారణం రాయమని టెస్టు రాసినవాళ్లకు చెప్పు. స్కిప్ అయినవాటి జాబితా రిపోర్టులో వేరుగా ఇవ్వు. పైథాన్ సొంత టెస్టుల్లో బయటి నెట్‌వర్క్ కావలసినవి 'యూ' ఆప్షన్‌తో అడిగితేనే నడుస్తాయి; అడగకుండా వచ్చిన "అన్నీ పాస్"లో అవి లేనట్టే.

ఆ నాలుగు ఫెయిల్యూర్లకూ నాలుగు రిపోర్టులు విడివిడిగా రాసి పంపు.

ఆశీస్సులతో.