ఆస్కార్ అంచనాలు రాయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఒడిశా పర్లాకిమిడిలో నీ స్నేహితులందరి ముందూ ఆస్కార్ అంచనాలు చదివి, ఫలితాలొచ్చాక ఏది కలిసిందో ఏది తప్పిందో రాస్తానన్నావని అక్క చెప్పింది. ఎంత గర్వంగా ఉందో! గుబులూ ఉంది. నీకిష్టమైన సినిమాని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోవు కదా, అదే నా భయం.

పేర్లు తప్పుల్లేకుండా రాయి. తేదీ వెయ్యి. చదివాక ఒక్క అక్షరం దిద్దకు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. కోరికనీ అంచనానీ ఒకే గడిలో రాయకు. అంచనాలు కట్టేవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న తప్పు ఇదే. మనసుకి నచ్చిన పేరు రాసేస్తారు. వస్తే ముందే చెప్పామంటారు, రాకపోతే అన్యాయం అంటారు. నువ్వు మూడు గడులు గియ్యి: ఎవరికి రావాలి, ఎవరికి వస్తుంది, నీ నమ్మకం ఎంత శాతం. 70 అని వేసిన పది విభాగాల్లో ఏడు కలిస్తే నీ లెక్క సరిగ్గా ఉన్నట్టు. పదీ కలిస్తే జంకి తక్కువ వేశావు. నాలుగే కలిస్తే కోరికని రెండో గడిలోకి దూర్చావు.

2023 సంగతే చూడు. 'ఆర్ఆర్ఆర్'కి దక్కిన నామినేషన్ ఒక్కటే, పాటకి. 'నాటు నాటు' అప్పటికే గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్ రెండూ గెలిచింది కాబట్టి దాని మీద ఎక్కువ శాతం వెయ్యడానికి ఆధారం ఉంది. అంతర్జాతీయ చిత్రం విభాగంలో మాత్రం ఆ సినిమా లేనే లేదు. అప్పుడు దేశానికి ఒక్క సినిమానే పంపాలి, మనవాళ్లు పంపింది గుజరాతీ 'ఛెల్లో షో'. అది 15 సినిమాల జాబితా దాకా వెళ్లి ఆగిపోయింది. పోటీలో లేని సినిమాకి ఇవ్వలేదని ఆస్కార్ ఇచ్చే అకాడమీని తిట్టినవాళ్లెంతమందో! తిట్టాలనుకుంటే ముందు ఆ గుమ్మం ఎవరిదో చూసుకోవాలి కదమ్మా.

ఉత్తమ చిత్రం లెక్క ఇంకోలా ఉంటుంది. మిగతా విభాగాల్లో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లదే బహుమతి. ఇక్కడ అకాడమీ సభ్యులు పోటీలో ఉన్న సినిమాలకి వరసగా నంబర్లు వేస్తారు. ఏ సినిమాకీ సగానికి మించి మొదటి ఓట్లు రాకపోతే, అట్టడుగున ఉన్నదాన్ని తీసేసి, ఆ కాగితాల మీద రెండో నంబరు పడ్డ సినిమాలకి ఆ ఓట్లు పంచుతారు. ఒకటి సగం దాటేదాకా అంతే. అందుకని కొందరు నెత్తిన పెట్టుకుని మరికొందరు అట్టడుగుకి నెట్టేసే సినిమా కంటే, అందరూ రెండో మూడో వేసేది గట్టెక్కొచ్చు. 2019లో దర్శకుడి బహుమతి 'రోమా' తీసిన ఆల్ఫోన్సో క్వారోన్‌కి, చిత్రం బహుమతి 'గ్రీన్ బుక్'కి వెళ్లాయి. ఆ రెండు చోట్లా ఒకే సినిమా రాసేముందు కాస్త ఆగు.

నటీనటులకి అమెరికా నటుల సంఘం ఇచ్చే సాగ్ (2026 నుంచి దాని పేరు యాక్టర్ అవార్డ్స్), బ్రిటన్ సినిమా అకాడమీ ఇచ్చే బాఫ్టా చూడు. రెండూ ఒకరికే వస్తే శాతం పెంచు, చెరొకరికీ వెళితే 60 దాటకు. 2025లో ఉత్తమ నటిగా సాగ్ డెమీ మూర్‌కి, బాఫ్టా మైకీ మాడిసన్‌కి వచ్చాయి. ఆస్కార్ మాడిసన్‌దైంది.

జాతీయ అవార్డులకి ఈ పద్ధతి నడవదు. నామినేషన్లు ప్రకటించరు, జ్యూరీ కూర్చుని తేలుస్తుంది. విడుదలైన సంవత్సరం కాదు, సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన సంవత్సరం చూస్తారు. 'ఆర్ఆర్ఆర్' థియేటర్లకొచ్చింది 2022 మార్చి 25న. అవార్డులు మాత్రం 2021 సినిమాల లెక్కలో వచ్చాయి, అవీ 2023 ఆగస్టులో ప్రకటించారు. ఇంకో మాట. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ ఒడియా చిత్రం వేర్వేరు బహుమతులు, ఒకదానికొకటి పోటీ కాదు. దాని మీద ఒడియా స్నేహితులతో గొడవ పడ్డావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి మరీ చీవాట్లు పెడతాను. మీదంతా ఒకే వీధి, ఒకే బడి. నీ నోరు జాస్తే గానీ మనసు మంచిదని నాకు తెలుసు, వాళ్లకీ తెలియాలి.

ఫలితాలొచ్చాక తప్పినవే ముందు రాయి. 90 వేసి తప్పినది అన్నిటికంటే పైన పెట్టు, ఏ ఆధారాన్ని ఎక్కువ నమ్మావో ఒక్క వాక్యంలో చెప్పు. నీకు నచ్చినవాళ్లకి రాలేదన్న బాధ మొదటి గడి కింద విడిగా రాసుకో, ఏ సన్నివేశంలో ఏం చేశారో చూపిస్తూ. గెలిచిన సినిమా చూడకుండా దాని మీద మాట తూలకు. 98వ ఆస్కార్ నుంచి సభ్యులు కూడా ఒక విభాగంలోని సినిమాలన్నీ చూశాకే చివరి ఓటు వేయాలన్న నియమం వచ్చింది.

మనకి సోమవారం తెల్లవారుజామునే మొదలవుతుంది, ఆదివారం రాత్రి పెందలాడే పడుకో. ఖాళీ కడుపుతో కూర్చోకు. మూడు గడుల కాగితం ఫొటో తీసి శనివారానికల్లా అక్క ఫోన్లోంచి నాకు పంపు, శాతాలు నేనూ ఓసారి చూస్తాను.

మావయ్య