మూడు పంచాయతీలు కలిసి సంత బాగుచేసుకోవచ్చా? మేం చేశాం, వాటా దగ్గర తగువు పడ్డాం

మీరు అడిగినవి రెండు. మీ పంచాయతీ, పక్కనున్న రెండు పంచాయతీలు తలా కొంత వేసుకుని వారపు సంతను బాగుచేసుకోవచ్చా అన్నది ఒకటి. పక్క ఊళ్లో పారిశ్రామికవాడ వచ్చింది కదా, ఆ పన్నులో మీ ఊరికి వాటా రాదా అన్నది రెండోది. నేను ఆంధ్రలో పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. మొదటిది మేం చేసిచూశాం కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

చట్టం అడ్డు రాదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు రాసిన 29 అంశాల్లో సంతలు, మార్కెట్లు 22వది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఒకటికి మించిన స్థానిక సంస్థలు కలిసి జాయింట్ కమిటీ కూడా వేసుకోవచ్చు. చిక్కంతా డబ్బు దగ్గరే.

మాది బుధవారం సంత. రెండూళ్ల పొలిమేర రాయి సరిగ్గా సంత మధ్యలో ఉండేది. కొబ్బరికాయలమ్మే అతను దానిమీదే కాయలు కొట్టేవాడు. రాయికి ఇటు కూరగాయలు, ఎండుచేపలు, బట్టలు మా పంచాయతీ కిందికి వస్తాయి. అటు పశువుల సంత రెండో ఊరిది. మూడో ఊరికి సంతలో సెంటు భూమి లేదు, కానీ వంకాయ, బెండ, గోరుచిక్కుడు అక్కడి నుంచే రావాలి. వానాకాలం వాళ్ల డొంక దిగబడి ఆటోలు రాలేదంటే మా సంత సగం ఖాళీ. మా అవసరం వాళ్ల రోడ్డు, వాళ్ల అవసరం మా అరుగులు.

2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మూడూళ్లకీ కొత్త సర్పంచులొచ్చారు. ఒకరంటే ఒకరికి పాత పగలేమీ లేవు, అదే మా అదృష్టం. ఉమ్మడి ఖాతా ఒకటి తెరిచి తలా మూడు లక్షలు వేద్దామన్నారు. అడ్డుపడింది నేనే. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు ఏ పంచాయతీవి ఆ పంచాయతీ ఖాతాకే వస్తాయి. ప్లానులో పని కూడా ఈగ్రామ్‌స్వరాజ్‌లో, అంటే పంచాయతీల ప్లాన్లూ ఖర్చులూ ఎక్కించే ఆన్‌లైన్ పోర్టల్‌లో, ఏ ఊరిది ఆ ఊరి పేరునే ఎక్కుతుంది. మూడో ఊరి డబ్బు మా హద్దులో ఖర్చయినట్టు ఆడిట్‌లో తేలితే రికవరీ వాళ్ల సర్పంచి మెడకీ, కార్యదర్శి మెడకీ చుట్టుకుంటుంది. పైగా 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం టైడ్, అంటే తాగునీటికీ పారిశుధ్యానికీ తప్ప వాడకూడదు. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, అదే మన ఇష్టం, అందులోంచీ జీతాలు ఇవ్వకూడదు.

అందుకని డబ్బు కలపలేదు, పని పంచుకున్నాం. కూరగాయల అరుగులు, రేకుల షెడ్డు మా అన్‌టైడ్ నిధుల్లోంచి. సంతకు కావలసిన మరుగుదొడ్లు, మురుగు కాలువ, కుళాయిలు టైడ్ నిధుల్లోంచి. చాలామందికి ఇది తట్టదు, టైడ్ అనగానే చేతులెత్తేస్తారు. సంతలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కడితే అది పారిశుధ్యం కాక మరేమిటి? రెండో ఊరు తన హద్దులో పశువుల తొట్టి, బోరు వేసింది. మూడో ఊరు తన డొంకను పొలిమేర దాకా సిమెంటు రోడ్డు చేసింది. మూడు తీర్మానాలు, మూడు ఎంబుక్కులు (పని కొలతలు రాసే పుస్తకాలు), ముగ్గురి ఆడిట్ ఎవరిది వాళ్లకే. మధ్యలో కరెంటు బకాయి కింద మా ఖాతాలో కొంత సర్దుబాటైపోయి షెడ్డు ఆర్నెల్లు స్తంభాల మీదే నిలబడింది, అది వేరే కథ.

తగువు కట్టేటప్పుడు రాలేదు, ఆదాయం వచ్చాక వచ్చింది. ఏటా మార్చిలో ఆశీలు పాట, అంటే సంతలో అమ్మేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కుకు వేలం, పెడతాం. దండోరా వేయించి, ధరావతు కట్టించుకుని, పంచాయతీ ఆఫీసు వరండాలో పాడిస్తాం. అంతకుముందు సంవత్సరం లక్షా ఎనభై వేల దగ్గర ఆగిన పాట షెడ్డు వచ్చాక మూడు లక్షలు దాటింది. మూడోసారి అని నేను అనీ అనకముందే మూడో ఊరి సర్పంచి వరండా మెట్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ‘మరి మా రోడ్డు సంగతేంటండీ’ అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. రోడ్డు లేకపోతే ఆ పాట లేదు. కానీ మా సాధారణ నిధిలో పడ్డ సొమ్ము మరో పంచాయతీకి రాసివ్వడానికి నా దగ్గర పద్దు లేదు. వాటా ఇస్తామని మా సర్పంచి నోటితో అన్నమాటే తప్ప తీర్మానంలో అక్షరం ముక్క లేదు. రెండో ఊరికి ఈ బాధ లేదు, పశువుల పాట వాళ్లే పెట్టుకుంటారు. రెండు నెలలు మాటల్లేవు.

చివరికి డబ్బు కాకుండా సరుకు రూపంలో తెగింది. షెడ్డులో తూర్పు వరస మూడో ఊరి రైతులకు వదిలాం, ఆ వరసలో ఆశీలు లేదు. పాట షరతుల్లోనే ఆ మాట రాశాం, అందుకే పాటదారు తర్వాత పేచీ పెట్టలేకపోయాడు. నన్నడిగితే ఇంతకంటే మంచి దారి ఉంది, మాకు ఆలస్యంగా తెలిసింది. సంతను మండల పరిషత్తు మార్కెట్టుగా వర్గీకరించి, పరిషత్తుకూ పంచాయతీకీ ఆదాయం పంచే ఏర్పాటు అదే 1994 చట్టంలో ఉంది. పరిషత్తుకు వచ్చిన వాటాతో మూడో ఊరి రోడ్డు మరమ్మతు చేయించుకోవచ్చు. మీరు ముందే ఎంపీడీవోగారితో మాట్లాడి ఆ కాగితం కదపండి. పునాది తీయకముందే సుమా.

ఇక పారిశ్రామికవాడ. అది ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) వాడ అయి, అక్కడ ఐలా, అంటే వాడకు స్థానిక సంస్థలా పనిచేసే అథారిటీ, ఉంటే ఆస్తిపన్ను వసూలు చేసేది ఐలాయే. అందులో 35 శాతం స్థానిక సంస్థకు పోతుంది, మిగతాది వాడలో రోడ్లకూ దీపాలకూ. ఆ స్థానిక సంస్థ అంటే వాడ ఎవరి హద్దులో ఉందో ఆ పంచాయతీ. లారీల దుమ్ము తినే పక్క ఊరికి ఏమీ లేదు. మా అల్లుడుండే అమెరికాలోని మినియాపొలిస్ చుట్టుపక్కల దీనికి 1971లోనే చట్టం చేశారు. ఏడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఊళ్లన్నీ ఆ ఏడాది తర్వాత వ్యాపార, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాదిలో, అంటే పన్ను వేసే ఆస్తి విలువలో, పెరిగిన దాంట్లో 40 శాతం ఉమ్మడిలో వేయాలి, ఆస్తి తక్కువున్న ఊళ్లకు ఎక్కువ వాటా వెళ్తుంది. కోర్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు, 1974లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. మన దగ్గర అలాంటిది రావాలంటే అది అసెంబ్లీలో పని, మీ వార్డు సభ్యుల తీర్మానంతో అయ్యేది కాదు. ప్రస్తుతానికి మీ పక్క వాడకు ఐలా ఉందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి, లేకపోతే లెక్క వేరు.