ఫ్రిజ్ కింద నీళ్లు కారుతుంటే గ్యాస్ లీకైనట్టేనా?

కాదు, చాలాసార్లు కారణం ఫ్రిజ్ లోపలి డ్రెయిన్ రంధ్రం పూడుకుపోవడమే, దాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు కరిగినప్పుడల్లా ఆ నీళ్లు సన్నని గొట్టం గుండా వెనక కంప్రెసర్ దగ్గరున్న ట్రేలోకి చేరి, ఆ వేడికి ఆవిరైపోతాయి. దారి మూసుకుంటే కూరగాయల డబ్బా కింద నిలిచి, తలుపు సందులోంచి నేల మీదకు వస్తాయి.

రైతు బజార్ నుంచి తెచ్చిన కొత్తిమీర కట్టను కడిగి అలాగే పెట్టేశారనుకోండి. ఒక్క ఆకు వెనక గోడకు అంటుకుని, మెల్లగా జారి ఆ రంధ్రంలో ఇరుక్కుంటే చాలు. హైదరాబాద్‌లో జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి లోపల చేరే నీళ్లూ ఎక్కువే.

ముందు ప్లగ్ తీసేయండి. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు రంధ్రంలోకి మెల్లగా వదలండి. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ పగలొచ్చు. వెనక ట్రేలో నీళ్లు పడుతుంటే దారి తెరుచుకున్నట్టే. అప్పటికీ కారుతుంటే ట్రే పగిలిందేమో, డోర్ రబ్బరు వదులైందేమో చూడండి. కొన్ని డబుల్ డోర్ మోడళ్లలో రంధ్రం ఫ్రీజర్ ప్యానెల్ వెనక ఉంటుంది, అది విప్పడం మాత్రం మెకానిక్ పని.

నీళ్లు చూడగానే గ్యాస్ పోయిందని టెన్షన్ పడతారు గానీ, గ్యాస్ నీళ్లుగా కారదు. అది పోతే కూలింగ్ తగ్గుతుంది. పాలు ఎప్పటిలాగే చల్లగా ఉంటే గ్యాస్ నింపించకండి. మంచును చాకుతో గీకితేనే ప్రమాదం: కాయిల్‌కు చిల్లు పడి నిజంగానే గ్యాస్ పోతుంది.